ఫిలిం రీలు ఉన్న రోజుల్లో సినిమా ఎడిటింగ్ ఎట్ల చేసేవాళ్లు?

తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తా ఉంటాన్నా. ఇప్పుడంటే అన్‌డూ కొడితే సరిపోతుంది, అప్పట్లో కట్ తప్పు పడితే నెగటివ్, అదే కెమెరాలో తీసిన అసలు ఫిలిం, పాడైపోదా? తెలిసినోళ్లు చెప్పండి.

చిత్తూరు సినిమా పిచ్చోడు:
ముందే నెగటివ్ ముట్టుకోరు తమ్ముడూ. దాన్నుంచి తీసిన కాపీ, అదే రష్ ప్రింట్ మీదే పనంతా, మూవియోలా అనే ఎడిటింగ్ మిషన్‌లో చూసుకుంటా గ్రీజు పెన్సిల్‌తో గీత పెట్టి అక్కడ కట్ చేసి టేపుతో అతికిస్తారు, నచ్చకుంటే టేపు పీకి మళ్లీ అతికించేదే. సెకనుకి 24 ఫ్రేములు కదా, అందుకే చిన్న ముక్క కూడా పారెయ్యరు. అంతా ఓకే అయినాకే ఫిలిం అంచున ఉండే నంబర్లు చూసి నెగటివ్ కట్ చేసేది, అక్కడ చెయ్యి తప్పితే మాత్రం కష్టం. మూవియోలా 1924లోనే వచ్చింది.

రేణిగుంట నుంచి:
మిషన్ సంగతి సరే, కులెషోవ్ అనే డైరెక్టర్ గురించి చదువు తమ్ముడూ. రష్యాలో ఒకే నటుడి మొహం పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఇంకోసారి శవపేటిక పెట్టినాడు, మొహం మారకున్నా జనానికి ఒకచోట ఆకలి, ఇంకోచోట బాధ కనిపించిందంట. అప్పగింతల్లో నాన్న మొహం తర్వాత ఏ షాట్ వేస్తావో దాన్నిబట్టే ఏడుపొస్తుంది, డ్రోన్ షాట్ మాత్రం వెయ్యొద్దు.

అడిగినోడు:
థాంక్సన్నా, ఆ అంచు నంబర్లు ప్రింట్ మీద కూడా పడతాయా?

చిత్తూరు సినిమా పిచ్చోడు:
పడతాయి, నెగటివ్‌తో పాటే ప్రింట్ అవుతాయి.