పాత హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారేటప్పుడు విండోస్‌నూ డీటీపీ ఫైళ్ళనూ ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న: చిత్తూరు, డీటీపీ దుకాణం

అందరికీ నమస్కారం. చిత్తూరులో నాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, లెటర్‌హెడ్లు కంపోజ్ చేసి ప్రెస్సుకు పంపిస్తాను. 2014లో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్ మీదే పనంతా నడుస్తోంది. అందులో 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. మొదట విండోస్ 7 ఉండేది, తరువాత దాని మీదే విండోస్ 10కు అప్‌గ్రేడ్ చేశాను. ఈ మధ్య స్విచ్ వేసి, వాకిలి ఊడ్చి, టీ తాగి వచ్చినా తెర మీద ఇంకా చుక్కలు తిరుగుతూనే ఉంటున్నాయి. గడియారం పెట్టి చూస్తే నాలుగున్నర నిమిషాలు పడుతోంది. పేజ్‌మేకర్‌లో పెద్ద ఫైలు సేవ్ చేసేటప్పుడు డిస్క్ లోపలినుంచి టక్ టక్ మని శబ్దం కూడా వస్తోంది.

500 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్క్) కొన్నాను. క్లోనింగ్ చేస్తే, అంటే డిస్క్‌కు నకలు తీస్తే, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయని అంటున్నారు గానీ, 1 టీబీ డిస్క్‌ను 500 జీబీలోకి ఎలా దించాలో తెలియడం లేదు. సీ డ్రైవ్ 150 జీబీ, అందులో 95 నిండి ఉంది. మిగిలినదంతా డీ డ్రైవ్, అందులో ఫైళ్ళు 210 జీబీ దాకా ఉన్నాయి. పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్ల సీడీలు ఎప్పుడో పోయాయి కాబట్టి విండోస్ కొత్తగా వేసుకునే ధైర్యం లేదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరుపడినప్పుడు లెటర్‌హెడ్ల మీద జిల్లా పేరు మార్చమని ఎంతోమంది వచ్చారు. పాత ఫైళ్ళు ఉండబట్టే ఆ పని గంటల్లో అయిపోయింది. అందుకే ఒక్క ఫైలు కూడా పోకూడదని నా ఆశ. ఆషాఢం కాబట్టి ఇప్పుడు పని తక్కువగా ఉంది. శ్రావణం పెళ్ళిళ్ళూ, చవితి కరపత్రాలూ మొదలయ్యేలోగా ఇది ముగించాలి.

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే పసుపు రంగులో ‘కాషన్’ అని, ‘కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్’ ఎదురుగా చివర 18 అని ఉంది. దాని అర్థం ఏమిటో కూడా చెప్పగలరు.

జవాబు 1: తిరుపతి, కంప్యూటర్ మరమ్మతులు

ముందుగా ఆ 18 సంగతి చెబుతాను. ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా విలువలను పదహారు ఆధారంగా ఉండే లెక్కలో చూపిస్తుంది కాబట్టి, మన లెక్కలో అది 24. అంటే, చదవబోతే సరిగా చదవడానికి రాక, డిస్క్ అనుమానితులుగా పక్కన పెట్టుకున్న సెక్టర్లు (సమాచారం రాసే చిన్న గళ్ళు) 24 ఉన్నాయన్నమాట. సంఖ్య చిన్నదే గానీ శబ్దం కూడా వస్తున్నదంటున్నారు కనుక, ఈ డిస్క్‌ను జబ్బుపడిన మనిషిలాగానే చూడాలి. ఉన్న కాస్త ఓపికనూ ముందు మీ ఫైళ్ళు బయటికి తేవడానికే ఖర్చు పెట్టండి. క్లోనింగ్ సంగతి ఆ తరువాత. చాలామంది మొదట విండోస్‌లోని చెక్‌డిస్క్ అనే పరీక్ష నడిపి, అది డిస్క్ మొత్తాన్నీ గంటల తరబడి గాలిస్తుండగానే డిస్క్‌ను పోగొట్టుకుని మా దగ్గరికి వస్తారు.

ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చి డీ డ్రైవ్‌లోని 210 జీబీని దానిలోకి కాపీ చేయండి. అన్నిటినీ ఒకేసారి కాకుండా, ఎక్కువ అవసరమైన ఫోల్డర్లు ముందు వచ్చేలా విడివిడిగా చేయండి; మధ్యలో ఒక ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకు సాగవచ్చు. సీ డ్రైవ్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫాంట్ల ఫోల్డర్ కూడా మరిచిపోవద్దు.

ఇక 1 టీబీని 500 జీబీలోకి దించడం గురించి మీరు అంత బెంగపడనక్కరలేదు. విండోస్‌లో చూస్తే మీ కొత్త డిస్క్ 465 జీబీగా కనిపిస్తుంది. క్లోనింగ్ అవసరమైనది విండోస్ ఉన్న భాగానికే. డీ డ్రైవ్‌లోని ఫైళ్ళకు మామూలు కాపీ చాలు. సీ డ్రైవ్‌నూ, దాని ముందు ఉండే ‘సిస్టమ్ రిజర్వ్డ్’ అనే చిన్న పార్టిషన్‌నూ (డిస్క్‌లో విడదీసిన భాగాన్నీ) మాత్రమే ఎస్ఎస్‌డీలోకి క్లోన్ చేసి, మిగిలిన 315 జీబీలో కొత్తగా డీ డ్రైవ్ సృష్టించి, ఎక్స్‌టర్నల్ డిస్క్ నుంచి ఫైళ్ళు తెచ్చుకోండి. డీ అనే అక్షరమే ఇస్తే, పత్రికల్లో లింక్ చేసిన బొమ్మల దారులు కూడా చెడవు. క్లోన్‌జిల్లా అనే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, మంచిదే. కానీ మొత్తం డిస్క్‌ను చిన్న డిస్క్‌లోకి మార్చమంటే మామూలుగా ఒప్పుకోదు, పైగా దాని తెరలు కొత్తవారిని కంగారు పెడతాయి. పార్టిషన్లు ఎంచుకోనిచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఎస్ఎస్‌డీ తయారీదారులే ఇస్తున్నారేమో చూడండి.

మీ విండోస్ 7 పాత బయోస్ పద్ధతిలో (బయోస్ అంటే స్విచ్ వేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) వేసినదైతే, కొత్త డిస్క్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు, పార్టిషన్ల పట్టిక రాసే రెండు పద్ధతుల్లో ఎంబీఆర్ ఎంచుకోండి. రెండోదైన జీపీటీ ఎంచుకుంటే పాత బయోస్ పద్ధతిలో విండోస్ బూట్ కాదు, అంటే లేవదు. పాత డిస్క్ ఏ పద్ధతిలో ఉందో డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్క్ ప్రాపర్టీస్, వాల్యూమ్స్ కింద కనిపిస్తుంది. క్లోన్ ముగిశాక కంప్యూటర్ ఆపి, పాత డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ పీకేసి, కొత్తదానితో మాత్రమే మొదటిసారి బూట్ చేయండి. బయోస్‌లో సాటా మోడ్‌ను మాత్రం కదపవద్దు; ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మారిస్తే నీలి తెర వచ్చే అవకాశం ఉంది.

జవాబు 2: తిరుపతి, కళాశాల ల్యాబ్ నిర్వాహకుడు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక అభ్యంతరం చెప్పవలసి ఉంది. మా ల్యాబ్‌లో నేను క్లోనింగ్ కంటే కొత్తగా విండోస్ వేయడాన్నే ఇష్టపడతాను, ఎందుకంటే క్లోనింగ్ అనేది పదేళ్ళ చెత్తను కూడా అంతే భక్తిగా మోసుకొస్తుంది. చదవడానికి రాని సెక్టర్‌లో విండోస్ ఫైలు ఏదైనా ఉంటే, క్లోన్‌లో ఆ చోటు ఖాళీగా మిగిలి, ఎప్పుడో ఒకనాడు తప్పు బయటపడుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2014 నాటి ప్రాసెసర్ విండోస్ 11కు అర్హమైన జాబితాలో ఉండదు.

అయితే సీడీలు లేవంటున్నారు కాబట్టి మీకు క్లోనింగ్ తప్పదని ఒప్పుకుంటున్నాను. దానితోపాటు ఒక జాగ్రత్త: కొన్ని సాఫ్ట్‌వేర్లు తమ లైసెన్సును డిస్క్ సీరియల్ నంబరుతో ముడివేస్తాయి. క్లోనింగ్‌లో ఫైళ్ళు వస్తాయి గానీ డిస్క్ సొంత నంబరు మాత్రం కొత్తదే కాబట్టి, అలాంటివి మళ్ళీ కీ అడగవచ్చు. కీలు ఏ కాగితం మీద రాసుకున్నారో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. పని మొదలుపెట్టే ముందు యూపీఎస్ బ్యాటరీ నిలుస్తున్నదో లేదో కూడా చూసుకోండి.

వేగం ఎందుకు పెరుగుతుందో కూడా చెబుతాను. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో కావలసిన చోటు తల కిందికి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. తల జరగడానికి పట్టే సమయం దానికి అదనం. ఎస్ఎస్‌డీలో ఈ ఎదురుచూపు మిల్లీసెకనులో పదో వంతు ఉంటుంది. విండోస్ లేచేటప్పుడు చదివేవి వేల సంఖ్యలో చిన్న ఫైళ్ళు కనుక తేడా అక్కడే కనిపిస్తుంది. మీ బోర్డులో సాటా వేగం 3 జీబీపీఎస్ మాత్రమే అయినా ఈ లాభం దాదాపు అంతే దక్కుతుంది.

ప్రశ్న వేసినవారు, నాలుగు రోజుల తరువాత

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫైళ్ళన్నీ బయటి డిస్క్‌లోకి తెచ్చాను. రెండు మాత్రం ఎంత ప్రయత్నించినా రాలేదు. తరువాత క్లోన్ చేసి, పాత డిస్క్ పీకకుండానే ఆన్ చేశాను. విండోస్ వచ్చింది గానీ వేగం ఏమీ మారలేదు. అనుమానం వచ్చి టాస్క్ మేనేజర్ తెరిస్తే, సీ డ్రైవ్ ఇంకా పాత డిస్క్ మీదే నడుస్తోంది. అప్పుడు పాతదాని కేబుల్ తీశాను. ఇప్పుడు నల్ల తెర మీద బూట్ డివైస్ లేదని వస్తోంది. సీ డ్రైవ్‌కు మాత్రమే టిక్ పెట్టినట్టు గుర్తు.

జవాబు 3: తిరుపతి, కంప్యూటర్ మరమ్మతులు

ఆ టిక్ దగ్గరే పొరపాటు జరిగింది. విండోస్‌ను లేపే ఫైళ్ళు ‘సిస్టమ్ రిజర్వ్డ్’లో ఉంటాయి, విండోస్ 7 వేసిన యంత్రాల్లో అది దాదాపు 100 ఎంబీ మాత్రమే ఉండడంవల్ల ఎవరి కంటికీ ఆనదు. మీ ఫైళ్ళు భద్రంగా బయట ఉన్నాయి కాబట్టి కంగారు లేదు. పాత డిస్క్ మళ్ళీ తగిలించి, చెక్‌డిస్క్‌ను సీ డ్రైవ్ మీద ‘ఎఫ్’ తో మాత్రమే (అది ఫైళ్ళ పట్టికలోని తప్పులను సరిచేస్తుంది, డిస్క్ మొత్తాన్నీ గాలించదు) ఒకసారి నడిపి, ఎస్ఎస్‌డీ మీద పార్టిషన్లన్నీ తీసేసి, ఈసారి రెండిటికీ టిక్ పెట్టి క్లోన్ చేయండి. చిన్న పార్టిషన్‌కు ‘యాక్టివ్’ గుర్తు ఉండాలి. ఈసారి మాత్రం మొదటి బూట్‌కు ముందే కేబుల్ పీకండి. రెండు డిస్కులకూ విండోస్ రాసుకునే గుర్తింపు సంఖ్య (సీరియల్ నంబరు కాదు) ఒకటే అయితే విండోస్ వాటిలో ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది.

ప్రశ్న వేసినవారు, మరుసటి రోజు

పని అయింది. క్లోనింగ్‌కు 40 నిమిషాలు పట్టింది. స్విచ్ వేసిన 30 సెకన్లలోపే డెస్క్‌టాప్ వచ్చేస్తోంది. పేజ్‌మేకర్ ఏ కీ అడగలేదు. ‘ఆప్టిమైజ్ డ్రైవ్స్’లో కొత్తదాన్ని సాలిడ్ స్టేట్ డ్రైవ్‌గానే చూపిస్తోంది. ఎస్ఎస్‌డీ కేసులో సరిగా కుదరకపోతే రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాను. తిరిగే భాగాలేవీ లేవు కదా.

చదవడానికి రాని రెండు ఫైళ్ళలో ఒకటి పాత పెళ్ళి పత్రిక, దాని అవసరం ఇక లేదు. రెండోది ఒక రైస్ మిల్లు బిల్లు పుస్తకం. అచ్చయిన ప్రతి బీరువాలో దొరికింది కాబట్టి చూసి మళ్ళీ కంపోజ్ చేస్తున్నాను. పాత హార్డ్ డిస్క్‌ను ఫార్మాట్ చేయకుండా, మీద తేదీ రాసిన చీటీ అంటించి, కాణిపాకం బ్రహ్మోత్సవాలు అయ్యేదాకా అలాగే ఉంచుతాను.