అసైన్డ్ భూమిని అమ్ముకోనివ్వాలా, వద్దా?

పెన్నాతీరం: ప్రభుత్వం భూమిలేని పేదకు పట్టా ఇచ్చి దున్నుకోమంటుంది, పిల్లలకు వారసత్వంగా వస్తుంది, కానీ 1977 చట్టం ప్రకారం అమ్మకూడదు. అమ్ముకోలేనిది సొంతం ఎలా అవుతుంది? 1959లో రాజాజీ, ఎన్.జి. రంగా స్వతంత్ర పార్టీ పెట్టింది రైతు భూమి మీద సర్కారు పెత్తనం వద్దనే.

లెక్కలమాస్టారు: రంగా గారి పోరాటం ఉమ్మడి సేద్యం మీద, సొంత పొలమున్న రైతు కోసం. ఇది ఉచితంగా ఇచ్చిన భూమి. షరతు తీసేస్తే రెండేళ్లలో వడ్డీవ్యాపారి చేతిలో ఉంటుంది.

పెన్నాతీరం: షరతు ఉన్నా తెల్లకాగితాల మీద అమ్మకాలు జరుగుతూనే ఉన్నాయి కదండీ. చట్టం ఆపింది అమ్మకాన్ని కాదు, సరైన ధరను.

కోనసీమబాబు: ఆంధ్రలో 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చని 2023లో సవరించారుగా?

లెక్కలమాస్టారు: ఆ తర్వాత 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపేశారు కూడా. ఉచితంగా ఇచ్చినదన్న నా మాటకు జవాబేది?

పెన్నాతీరం: రాళ్లు ఏరి, తుప్పలు కొట్టి బంజరును పొలం చేసిందెవరు? ఆ చెమట ఉచితమా?

లెక్కలమాస్టారు: మీరు కొనేవాళ్ల తరఫున మాట్లాడుతున్నారు. చవగ్గా కొట్టేద్దామని చూసేవాళ్లే ఇంత స్వేచ్ఛ కోరతారు.

పెన్నాతీరం: మాటలు జాగ్రత్త. మా నాన్నది ఎకరం ఇరవై సెంట్ల డీ-పట్టా, అంటే అసైన్డ్ భూమే. అమ్మ ఆపరేషన్‌కి మూడు లక్షలకు కాగితం రాసిచ్చాం, గట్టు అవతలి సొంత పట్టా పొలం అదే ఏడు తొమ్మిది లక్షలకు పోయింది. కొన్నాయన ఇప్పటికీ నోటీసు వస్తుందేమోనని మాకు ఫోన్ చేస్తుంటాడు.

లెక్కలమాస్టారు: అలా అన్నందుకు క్షమించండి. మాదీ అసైన్డ్ భూమే. తాత రెండెకరాలు బాకీ కింద ఊరి పెద్దరైతు రాయించుకున్నాడు. పాత అమ్మకాలు కూడా చెల్లవని 1977 చట్టం అన్నందుకే పొలం మాకు తిరిగొచ్చింది, నాన్న చదువు దానిమీదే సాగింది. ఆ పెద్దరైతు మనవళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. రేపు గేటు తెరిస్తే ముందు వచ్చేది వాళ్లే.

పెన్నాతీరం: మీకు వాళ్లంటే భయం, నాకు తహసీల్దారు ఆఫీసంటే భయం. ప్రభుత్వం భూమి తీసుకున్నప్పుడు సొంత పట్టా రైతుతో సమానంగా మనకూ పరిహారం ఇవ్వాలని 2004లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, గుర్తుందా? మనల్ని కాపాడతానన్నది ఆ సర్కారే.

లెక్కలమాస్టారు: గుర్తుంది. అయితే అవసరంలో ఉన్నవాడు మార్కెట్ ధరకు సర్కారుకే అమ్ముకునే వీలు పెట్టమందాం.

పెన్నాతీరం: ఆ ధర ఎవరు కడతారు? మళ్లీ అదే ఆఫీసేగా.