మిద్దె మీది పోర్షన్‌కు నలుగురు అడుగుతున్నారు, ఎవరికివ్వాలి?

కర్నూలు ఓనరు:
వెంకటరమణ కాలనీలో మా మిద్దె మీది పోర్షన్ ఖాళీ అయింది, బాడుగ 8,000. ఆదివారం పొద్దున టూలెట్ బోర్డు కట్టాం, సాయంత్రానికల్లా నలుగురు చూసిపోయారు. మొదట వచ్చింది పెద్దాసుపత్రి నర్సు. నైట్ డ్యూటీ దిగి, వాళ్ళమ్మను వెంటబెట్టుకుని నేరుగా వచ్చింది. బాత్రూంలో కొళాయి తిప్పి ధార చూసింది, మెట్లు మోకాళ్ళకు కష్టమవుతాయేమోనని అమ్మను రెండుసార్లు ఎక్కించి దింపింది. తర్వాత బ్యాంకు ఉద్యోగి కుటుంబం, మెడికల్ కాలేజీ అబ్బాయిలిద్దరు. ఆఖర్న వచ్చినాయన ఇంకో వెయ్యి ఎక్కువిస్తా, ఇప్పుడే అడ్వాన్స్ తీసుకోండన్నాడు. మా ఆయన బ్యాంకు వాళ్ళకే ఇద్దామంటున్నాడు, మా అత్తమ్మేమో "వాళ్ళు మనవాళ్ళేనా?" అని అడుగుతోంది. ఎవరికీ అన్యాయం చేయకూడదని నాకు టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

అనంతపురం అన్న:
అమ్మా, మావి ఇక్కడ మూడు పోర్షన్లున్నాయి. బోర్డు కట్టే ముందే మా నాన్న కాగితం మీద రాసిపెట్టేవాడు: ఎంతమంది ఉండొచ్చు, ఎన్ని బండ్లకు జాగా ఉంది, అడ్వాన్స్ ఎంత, జీతం బాడుగకు మూడింతలైనా ఉందా. వీటికి సరిపోయినవాళ్ళలో ముందు అడిగినవాళ్ళకే ఇల్లు. మనుషుల్ని చూశాక రూలు పెట్టుకుంటే మనకు నచ్చినవాళ్ళ వైపే అది వంగుతుంది. 8,000 అని చెప్పి పిలిచి, వెయ్యి ఎక్కువన్నాయనకు ఇస్తే అది వేలంపాటే అవుతుంది. ఇద్దరి దగ్గర టోకెన్ మాత్రం తీసుకోవద్దు.

కడప బాడుగదారు:
అక్కా, పోయిన ఏడు ఇక్కడ ఒక ఇల్లు చూడబోతే ఓనరు బాడుగ సంగతి చెప్పకముందే "మీరేమోళ్లు?" అన్నాడు. చెప్పాను. లోపలికి పోయొచ్చి, మా అల్లుడొస్తున్నాడు, ఇల్లు ఇవ్వట్లేదన్నాడు. వారం తర్వాత అటుగా పోతుంటే బోర్డు గేటుకు అలాగే వేలాడుతోంది. గోడ పక్క జామచెట్టు చూసిన మా పాప "నాన్నా, ఈ ఇంటికి ఎప్పుడొస్తాం?" అంది, నాకు నోట మాట రాలేదు. మనవాళ్ళేనా అన్న ప్రశ్న మీ కాగితం మీదికి రానీయకండి. ఇవ్వనివాళ్ళకు ఆరోజే ఫోన్ చేసి చెప్పండి, మీ మాట కోసం ఎదురుచూస్తూ వేరే ఇల్లు వదులుకుంటారు పాపం.

దస్తావేజులు రాసేవాణ్ణి:
అందరి ఆధార్ జిరాక్సులూ పోగేయకండి, ఖాయమైనవాళ్ళది చాలు, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చినా తీసుకోండి. అగ్రిమెంట్ 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు, కానీ 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌కు మన రాష్ట్రంలో 1999లో వచ్చిన సవరణ ప్రకారం ఏడాదికి లోపు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పదు. అడ్వాన్స్ విషయంలో, కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్ళకు రెండు నెలల బాడుగ మించొద్దంటుంది. రాష్ట్రం చట్టం చేస్తేనే అది వర్తించేది, అయినా ఆ కొలత న్యాయంగా ఉంటుంది.

కర్నూలు ఓనరు:
అన్నా, ముందే రాసుకోకపోవడం నా తప్పే. మీరు చెప్పినట్టు కాగితం రాసి, నలుగురినీ అవే ప్రశ్నలడిగాను. నర్సమ్మాయి అన్నిటికీ సరిపోయింది, ముందొచ్చింది కూడా ఆమే. అర్ధరాత్రి రాకపోకలేంటని అత్తమ్మ గొణిగింది, డ్యూటీ అంటే అంతే కదా అని గేటుకు ఇంకో తాళంచెవి చేయిస్తున్నా. మిగతావాళ్ళకు నిన్ననే ఫోన్ చేశాను. మెడికల్ అబ్బాయిలకు ఇంకా దొరకలేదట, బ్యాచిలర్లని ఐదుచోట్ల కాదన్నారట. బుధవారపేట వైపు ఎవరిదైనా ఖాళీ ఉంటే ఇక్కడ రాయండి, వాళ్ళకు చెబుతాను.