లొకేషన్ ఆపేసినా యాప్‌కి మా ఏరియా ఎలా తెలుస్తోంది?

ఉండేది బెంగళూరు మారతహళ్లిలో, ఫోన్ ఆండ్రాయిడ్ 13. నేను వాడే వాతావరణ యాప్ 'పేరు లేని లొకేషన్ డేటా'ను భాగస్వాములకు ఇస్తామని పాలసీలోనే రాసుకుంది. పేరు తీసేస్తే ఏం లాభం? రాత్రి ఫోన్ ఎక్కడుందో, పగలు ఎక్కడుందో తెలిస్తే మనిషి దొరికిపోయినట్టే. 15 లక్షల మంది మొబైల్ డేటా మీద 2013లో వచ్చిన పరిశోధనలో, ఏ సమయానికి ఎక్కడున్నారన్న నాలుగు వివరాలతోనే 95 శాతం మందిని విడిగా గుర్తుపట్టొచ్చని తేలింది.

అందుకే అడ్వర్టైజింగ్ ఐడీ (యాడ్స్ కోసం ఫోన్‌ని గుర్తుపట్టే నంబర్) డిలీట్ చేశాను. ఆ యాప్‌కి లొకేషన్ పర్మిషన్ తీసేశాను. చుట్టుపక్కల సిగ్నల్స్‌ని బట్టి ఫోన్ ఎక్కడుందో కనిపెట్టే వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ రెండూ ఆఫ్. యాప్ డేటా క్లియర్ చేసి ఫోన్ రీస్టార్ట్ కూడా చేశాను.

అయినా సాయంత్రం ఇంటి వైఫై కనెక్ట్ అయిన కాసేపటికే ఆ యాప్‌లో మారతహళ్లి షోరూమ్‌ల యాడ్స్ మొదలు! మొబైల్ డేటా మీద ఉంటే మాత్రం ఏరియా అసలు రాదు, ఒక్కోసారి చెన్నై నగల షాపులు కూడా చూపిస్తుంది. అదే వైఫై మీద మా ఆవిడ ఫోన్ కూడా ఉంటుంది, అందులో క్యాబ్ యాప్‌ల కోసం లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లోనే. నా అనుమానమంతా ఇద్దరికీ ఒకటే అయిన ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మా ఇంటి కనెక్షన్‌ని గుర్తించే నంబర్) మీదే.

మా ఆవిడ ఫోన్ లొకేషన్‌నే ఐపీ ద్వారా నా ఫోన్‌కీ అంటగడుతున్నారా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవడానికి ఏ టెస్ట్ చేయాలి?