సమస్య: పులస వలదని పిల్లియే పూజఁ జేసె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఏ పాత గ్రంథంలోనుంచో వచ్చింది కాదు, మా వంటింటి వెనుకనుంచి వచ్చింది. మా ఇంట్లో శ్రావణమాసంలో శుక్ర, శనివారాలు తప్ప మిగిలిన రోజుల్లో నీసుకు అడ్డు లేదు కనుక, మొన్న ఆదివారం ఉదయం వాన కాస్త తెరిపి ఇవ్వగానే వెళ్ళి ఒక పులసను తెచ్చాను. మునగచెట్టు కింద కూర్చుని చేపను కోయిస్తూ, రోజూ మా పెరట్లో ఉడుతలను తరిమే పిల్లికి ఒక ముక్క విసిరాను. అది వాసన చూసి, ముఖం తిప్పుకుని, నేరుగా వచ్చి దేవుడి గది గడప దగ్గర కళ్ళు మూసుకుని కూర్చుంది. పడకకుర్చీలో కూలబడి నవ్వుకుంటూ ఉండగా పై పాదం దానంతట అదే కుదిరింది. ఆ పాదమే చివర వచ్చేలా తేటగీతి పద్యాన్ని పూరించాలి. ఆ పిల్లి ఎందుకు అలా చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు కనుక, కారణం చెప్పవలసిన బాధ్యత మీదే. ముందు ప్రశ్నలు వేసి, సమస్యలోని మాటలనే వరుసగా జవాబులుగా పేర్చే క్రమాలంకారంతో గట్టెక్కే పూరణలను ఈసారి స్వీకరించను. గట్టెక్కేవారు ఎవరో వారికి తెలుసు.

మండపేట మాస్టారు:
శ్రావణమ్మున నీసింక చాలు ననుచు
నత్త పీటపైఁ బెరుగన్న మమరఁ బెట్టఁ
గనులు మూసి తాఁ గూర్చుండి గద్దె చెంత
పులస వలదని పిల్లియే పూజఁ జేసె

వరదనీరు ఎరుపెక్కి సముద్రంలో కలిసే ఆషాఢ శ్రావణాలలోనే పులస ఏటికి ఎదురీదుతూ వస్తుంది, సరిగ్గా ఆ నెలలోనే ఇంటి ఆడవారి నోములూ వస్తాయి. ఆ రెండింటి నడుమ నలిగే మగవారి బాధను పిల్లి మీద పెట్టి చెప్పాను. పిల్లి దృష్టి దేవుడి మీద కాక పెరుగన్నం మీద ఉన్నదని వేరుగా చెప్పనక్కరలేదనుకుంటాను.

రాజోలు అక్కయ్య:
మాస్టారి పూరణ ఎప్పటిలాగే నున్నగా ఉంది. "పెరుగన్న మమరఁ బెట్ట" అన్నచోట యతి కూడా పెరుగులాగే జారిపోకుండా గడ్డగా నిలిచింది. అయితే ఈ పిల్లిని మేము ఇదివరకే ఎరుగుదుము. హితోపదేశంలో ముసలి గద్ద జరద్గవానికి చాంద్రాయణ వ్రతం కథ చెప్పి చెట్టుతొర్రలో చేరిన దీర్ఘకర్ణుడే వయసు మళ్ళాక మండపేట వచ్చి స్థిరపడినట్లుంది. దొంగజపం చేసే పిల్లిని ఊహించడానికి ఇంత పెద్ద మాస్టారు కావాలా అన్నది నా సందేహం.

మండపేట మాస్టారు:
అమ్మా, పాత కథ అయినంత మాత్రాన పులుపు చస్తుందా? పులస పులుసు మరునాటికే రుచి అని మీరే కదా అంటారు.

రాజోలు అక్కయ్య:
మరునాటికి రుచి అన్నాను గానీ మరుసటి ఏటికి అనలేదు. అయినా జంతువుల విషయంలో మాస్టారి ఊహలకు నేను కొంచెం దూరంగానే ఉంటాను. మొన్నటి "ఉడుత తోకను ముంగిస యూయలూఁగె" అన్న సమస్యకు వారు పున్నమి వెన్నెలలో కొబ్బరిమట్ట మీద గంతులు వేసే ఉడుతను వర్ణించి అందరి చేతా చప్పట్లు కొట్టించుకున్నారు. పొద్దు వాలితే ఉడుత గూటికి చేరి పడుకుంటుందని మా ఇంట్లో మూడేళ్ళ మనుమరాలికి కూడా తెలుసు. రాత్రివేళ చెట్టెక్కి కల్లుముంతలో మూతి పెట్టేది మానుపిల్లి కదా.

మండపేట మాస్టారు:
అది కలలో కనబడిన ఉడుత అని నేను ఆనాడే వివరణ ఇచ్చాను.

నిర్వాహకుడు:
వివరణ ఇచ్చింది చప్పట్లు పూర్తయిన రెండు రోజులకు. ఆ ఉడుతను దాని గూటిలో పడుకోనిచ్చి, దయచేసి పిల్లి దగ్గరకు రండి.

రాజోలు అక్కయ్య:
అలాగే, పిల్లి దగ్గరకే వస్తున్నాను.

ఏడుకొండల స్వామికి నెదను మేన
శుక్రవారాన నద్దిన శుభ్ర గంధ
మిచ్చి జన్మము ధన్యమౌ నింతె చాలుఁ
బులస వలదని పిల్లియే పూజఁ జేసె

అంబాజీపేట బావగారు:
చదివిన వెంటనే అర్థం కాలేదని ఒప్పుకుంటున్నాను. పిల్లి గంధం ఇవ్వడం ఏమిటా అని పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్క ఇడ్లీల పళ్ళెం ముందు పెట్టుకుని ఆలోచిస్తూ ఉండగా, రెండో పొట్టిక్క పనసాకు విప్పుతున్నప్పుడు వెలిగింది. శుక్రవారం అభిషేకం తరువాత శ్రీవారి మూలమూర్తికి పూసేది పునుగు తైలం, అది ఇచ్చేది పునుగుపిల్లి. పూజ చేయడానికి నటించవలసిన అవసరం లేని పిల్లి లోకంలో అదొక్కటే. అక్కయ్య గారూ, ఈ వారం పీట మీదే.

మండపేట మాస్టారు:
కల్పన గొప్పదని నేనూ ఒప్పుకుంటాను. అయితే కల్పన ఎంత గొప్పదైనా గణం గణమే. "కొండల స్వామికి" అన్నచోట సంయుక్తాక్షరానికి ముందున్న "ల" ఊనిక పొంది గురువవుతుంది కనుక రెండో గణం చెడింది. "సామికి" అని వేసి ఉంటే ఈ ఇబ్బంది ఉండేది కాదు.

తాళ్ళరేవు కుర్రవాడు:
క్షమించండి మాస్టారూ. "ల" లఘువైతే అక్కడ భగణం, గురువైతే రగణం. రెండూ అక్కడ చెల్లే ఇంద్రగణాలే కదండీ?

రాజోలు అక్కయ్య:
ఆయ్! బాబూ, నువ్వు నూరేళ్ళు చల్లగా ఉండాలి. ఈసారి మా ఊరు వస్తే నీకు మట్టిదాకలో సన్నసెగ మీద కాచిన పులస పులుసు పెడతాను. బెండకాయలూ దిగేముందు ఆవకాయ నూనే పడ్డ ముక్క రుచి ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

మండపేట మాస్టారు:
సరే, తొందరపడ్డాను. గణం గురించి అన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. కానీ "శుభ్ర గంధ" అన్న మాటను మాత్రం వదలను. పునుగు అన్న పేరు ఎక్కడా లేకుండా "శుభ్ర" అన్న విశేషణం అక్కడికి యతి కోసం తప్ప మరి దేనికి వచ్చింది? పునుగును ముట్టుకున్నవారు ఎవరైనా దానిని శుభ్రమైనదని అంటారా? రెండో పాదం ఇలా ఉంటే బాగుండేదేమో చూడండి.

పూఁత కైనట్టి తన మేని పునుగు గంధ

రాజోలు అక్కయ్య:
పాదం అందంగా ఉంది, "తన మేని" అన్నది నాకు తట్టనందుకు చింతిస్తున్నాను. అయితే అది వేస్తే శుక్రవారం ఎగిరిపోతుంది. పైగా పునుగు అని పేరు పెట్టి చెప్పేశాక బావగారు రెండో పొట్టిక్క దాకా ఆగవలసిన పని ఉండదు. పొడుపుకథలోనే విప్పు కూడా చెప్పేయడం మాస్టార్లకు అలవాటు.

నిర్వాహకుడు:
ఈ తగవులో నేను అక్కయ్య గారి పక్షమే. పేరు దాచడమే ఆ పద్యానికి ప్రాణం. కాకపోతే "శుభ్ర" గురించి మాస్టారు అన్నదాంట్లో న్యాయం ఉంది, ఆ రెండక్షరాలకు మంచి మాట దొరికితే పద్యానికి మచ్చ ఉండదు. మాస్టారు సూచించిన పాదాన్ని ఆయన తన పూరణగానే రాసి ఉంటే ఎంత బాగుండేదో అని కూడా అనిపించింది.

తాళ్ళరేవు కుర్రవాడు:
పిల్లులలో పునుగుపిల్లి వచ్చింది కనుక మా ఊరి పిల్లిని కూడా తీసుకొస్తున్నాను. కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడి బావురుపిల్లి నీళ్ళంటే భయపడదు. రాత్రివేళ పాయ ఒడ్డున కూర్చుని, పంజాతో నీటిని తట్టి, పైకి వచ్చిన చేపను పట్టుకుంటుంది. పూజ అంటే ఇక్కడ పొట్టపూజ.

మడల చాటునఁ గోరంగి మాటు వైచి
కాలు నీటిలో ముంచి చేఁపలను బట్టి
తనివి తీరంగఁ దిని పొట్టఁ దడివి తేన్చి
పులస వలదని పిల్లియే పూజఁ జేసె

రెండో పాదంలో మామూలు యతికి బదులు, పక్క అక్షరాలను కలిపే ప్రాసయతి వేశాను.

మండపేట మాస్టారు:
నాయనా, మూడో పాదం చదివి నేనే నా పొట్ట తడుముకున్నాను. అంత హాయిగా ఉంది. ఇక రెండో పాదం. "కాలు"లో లకారానికి ముందు దీర్ఘం ఉంది, "పలను"లో లకారానికి ముందు హ్రస్వం ఉంది. గురువుకు గురువు, లఘువుకు లఘువు ఉంటేనే ప్రాసయతి చెల్లుతుంది. ఇందాక నా గణాన్ని దిద్దినవాడివి కనుక ఇది చెప్పడానికి నాకు రవ్వంత సంతోషంగానే ఉందని దాచుకోను.

తాళ్ళరేవు కుర్రవాడు:
నిజమే మాస్టారూ, చూసుకోలేదు. ఇలా మార్చవచ్చునా?

కాలు నీటిలో ముంచి తాఁ గట్టిపరిగె

మండపేట మాస్టారు:
భేషు! యతీ కుదిరింది, ఊరికే చేపలు అనేదానికి బదులు పేరున్న చేపా వచ్చింది. పద్యం దోషం దిద్దుకుని ఇలా బాగుపడటం అరుదు. సాధారణంగా యతి కుదిరిన చోట అర్థం చెడుతుంది. ఉదాహరణకు "శుభ్ర గంధ".

రాజోలు అక్కయ్య:
మాస్టారు ఆ గంధాన్ని ఇంకా కడుక్కోలేదన్నమాట.

అంబాజీపేట బావగారు:
అందరూ అడవులకూ కొండలకూ వెళ్ళిపోయారు. నేను మాత్రం పొరుగింటికే వెళ్తాను. కోనసీమలో పిల్లి అన్నది ఇంటిపేరు కూడా అని మీరంతా మరచిపోయినట్లున్నారు. గోదావరి పుష్కరాలు 2015లో జూలై నెలలో వచ్చాయి, అదే పులసల కాలం. ఆ సంగతిని పట్టుకుని పూరించాను.

పుష్కరమ్మున గోదారి పొంగుచుండ
వ్రతముఁ బట్టిరి మామయ్య వరుస వార
లింటిపేరది యనుమాన మేల మీకుఁ
బులస వలదని పిల్లియే పూజఁ జేసె

రాజోలు అక్కయ్య:
బావగారూ, ఇంటిపేరు పట్టుకోవడం చమత్కారంగా ఉంది. "వార / లింటిపేరది" అని పాదాల మధ్య చేసిన విరుపు మరీ బాగుంది, వారల ఇంటిపేరు అన్న అర్థం అక్కడ దానంతట అదే పలుకుతోంది. కానీ రెండో పాదంలో "పట్టిరి" అని మర్యాదగా బహువచనం వేసి, చివరకు వచ్చేసరికి "చేసె" అని ఏకవచనంలోకి దింపేశారు. మామయ్య వరుసవారిని పట్టుకుని "పిల్లి చేసె" అంటే, పుష్కరాలలోనే కాదు, ఆ తరువాత పండుగకు కూడా మీకు ఆ ఇంట్లో విస్తరి పడదు. ఇది వచనదోషం మాత్రమే కాదు, వరుసదోషం కూడా.

అంబాజీపేట బావగారు:
సమస్య ఇచ్చినవారే "చేసె" అని ఇచ్చారు కదా, నేనేం చేయగలను?

మండపేట మాస్టారు:
రెండో పాదంలోనే ఏకవచనం వేయవలసింది. "మామయ్య వరుస వార" బదులు బావమరిది వరుస తెచ్చి ఉంటే ఎవరికీ కోపం రాదు. బావమరుదులను ఏమన్నా చెల్లుతుంది.

యానాం అల్లుడు:
ఆలస్యంగా వచ్చాను, మన్నించండి. పై చర్చ అంతా చదివాను. పిల్లి ఎందుకు ముఖం తిప్పుకున్నదో మీరంతా పురాణాలలోనూ అడవులలోనూ వెతికారు గానీ, నిర్వాహకులు ఆ చేపను ఎక్కడ కొన్నారో ఎవరూ అడగలేదు. మా యానాం రేవులో వలలో నుంచి దిగిన పులసను వేలంపాటలో పాడుకునేటప్పుడు చూసినవాణ్ణి కనుక నాకు మొదటినుంచీ అనుమానంగానే ఉంది. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. గోదావరి మంచినీటిలోకి వచ్చి, వరదకు ఎదురీది, ఒంట్లోని ఉప్పు వదిలాకనే అది పులస. ధవళేశ్వరం దాకా ఈదగలిగిన చేపకూ సముద్రంలోనే వలకు చిక్కిన చేపకూ రుచిలో ఉన్న తేడా డబ్బు పెట్టినవారికి తెలియకపోవచ్చు, పిల్లికి తెలుస్తుంది.

మంచు పెట్టెలో వచ్చిన మత్స్యమునకుఁ
బులస పేరిడి యమ్మంగఁ బొంగి కొనఁగ
వాసనను జూచి మూతిని వంచి నవ్వి
పులస వలదని పిల్లియే పూజఁ జేసె

ఇక్కడ పూజ దేవుడికి జరగలేదు. పెద్దలను నొప్పించకుండా అంతవరకే చెబుతున్నాను.

రాజోలు అక్కయ్య:
అల్లుడుగారూ, ఇంతసేపూ ఎక్కడ ఉన్నారు? నా పునుగును నేనే పక్కన పెట్టేస్తున్నాను.

మండపేట మాస్టారు:
మొదటి పాదంలో "మత్స్యము" దగ్గర సంస్కృతం కొంచెం బరువైంది, మిగిలిన మూడు పాదాలూ తేట తెలుగులో ఉన్నాయి. అయినా నాలుగో పాదంలోని "పూజ"కు ఆ అర్థం తెచ్చిన తరువాత ఇక దోషాలు వెతకడానికి నాకు మనసు రావడం లేదు. నిర్వాహకులు ఏమంటారో వినాలని ఉంది.

నిర్వాహకుడు:
ఆ చేపను సంత దగ్గర రోడ్డుపక్కన, మంచు నింపిన థర్మాకోల్ పెట్టెలోనుంచి తీసి ఇచ్చారు. ధర ఎంతో ఇక్కడ రాయను, ఎందుకంటే మా ఇంటావిడ కూడా ఇవి చదువుతుంది. ఈ వారం ఉత్తమ పూరణ యానాం అల్లుడుగారిది. పులుసు మాత్రం ఇంకా సగం మిగిలి ఉంది. పిల్లి ఈ రోజు కూడా గడప దగ్గరే కూర్చుంది.