పాత 407కి బ్రేకు పట్టడం లేదు, పెద్ద బూస్టర్ వేయించాలా?

పలమనేరు_రైతు: మాది 1998 మోడల్ టాటా 407 లారీ. డ్రమ్ బ్రేకులు, కాలి తొక్కుడుకు బలం కలిపే వాక్యూమ్ బూస్టర్. ఖాళీ బండి బాగానే నిలుస్తుంది. తోతాపురి మామిడి లోడుతో చిత్తూరు వైపు మొగిలి ఘాట్ దిగేటప్పుడు పెడలు రాయిలా గట్టిపడి, బండి జారుతూనే ఉంటుందని డ్రైవర్ అంటున్నాడు. పెద్ద బండి బూస్టర్ తగిలిస్తే సరిపోతుందా?

చిత్తూరు_షెడ్డు: కొనకముందు ఒకటి చూడండన్నా. ఇంజన్ ఆపి పెడలు నాలుగైదు సార్లు తొక్కండి. కాలు అదిమే ఉంచి స్టార్ట్ చేస్తే పెడలు కాస్త కిందికి దిగాలి. దిగలేదంటే ఆల్టర్నేటర్ వెనకున్న వాక్యూమ్ పంపు, గొట్టం, నాన్ రిటర్న్ వాల్వ్, బూస్టర్ చూడాలి. తర్వాత డ్రమ్ములు విప్పించండి. హబ్ సీలు పోయి లైనింగుకు, అంటే డ్రమ్మును లోపల రాసుకుని ఆపే పట్టీకి, ఆయిలు పట్టి ఉంటే ఎంత తొక్కినా బండి ఆగదు. దాన్ని పెట్రోలుతో కడిగి మళ్లీ బిగించేవాళ్లున్నారు, ఒప్పుకోవద్దు.

స్టీరింగ్_తాత: న్యూట్రల్‌లో దింపుతున్నారా?

పలమనేరు_రైతు: నాకేం తెలుసు, నేను పక్కన కూర్చోను. అడిగింది బూస్టర్ గురించి.

స్టీరింగ్_తాత: నేనూ దాని గురించే చెప్తున్నా. డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపి దింపేవాళ్లున్నారు. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది, రెండు మూడు తొక్కుళ్లకే ఉన్న వాక్యూమ్ అయిపోతుంది. ఇక ఎంత పెద్ద బూస్టరుంటే ఏం లాభం? చిన్న గేర్లో దిగమను.

తిరుపతి_ట్రాన్స్‌పోర్ట్: డిస్కులు పెట్టించెయ్యి బ్రదర్, గొడవ వదులుతుంది.

చిత్తూరు_షెడ్డు: హబ్బులు, మాస్టర్ సిలిండర్ అన్నీ మార్చాలి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పోతే అక్కడో తలనొప్పి. పలమనేరన్నా, పెడలు ఘాట్ పైనుంచే గట్టిగా ఉంటుందా, కిందికొచ్చాకా?

పలమనేరు_రైతు: టెస్ట్ చేశాను, పెడలు దిగింది. పైన బాగానే పడతాయంట. సగం దిగాకే సమస్య.

చిత్తూరు_షెడ్డు: అయితే అది వేడి. బూస్టర్ మారిస్తే లైనింగును ఇంకా గట్టిగా అదుముతుందే గానీ డ్రమ్ము సైజు పెరగదు కదా. వేడెక్కిన లైనింగుకు పట్టు ఉండదు. ఎంత వేస్తున్నారు లోడు?

పలమనేరు_రైతు: అందరూ వేసినంతే.

స్టీరింగ్_తాత: అట్లా చెప్పు! ఆర్‌సీలో రాసినదానికి రెండింతలు వేసి బ్రేకును తిడితే ఎట్లా? నాకూ ఒక ఓనరు ఇట్లాగే చెప్పాడు. బండి పోయి గట్టుకు కొట్టుకుంది. కేసు నా మీద, లైసెన్సు పోయింది నాది. ఆయన ఇన్సూరెన్సు తీసుకుని ఇంకో బండి కొన్నాడు.

పలమనేరు_రైతు: మీ ఓనరు కోపం నా మీద తీర్చుకోవద్దు. 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 ఇస్తాయన్నారు. మాకు కాయ కొన్న ఫ్యాక్టరీ ఆ 8 కూడా ఇవ్వలేదు. గేటు బయట రాత్రంతా క్యూ. దాన్నే రెండు ట్రిప్పులు చేస్తే డీజిలు, బాడుగ ఎవరిస్తారు?

మదనపల్లె_టమోటా: ఓవర్‌లోడ్ పట్టుకుంటే 20 వేలు, పైన ప్రతి టన్నుకు 2 వేలు. అదెవరిస్తారు?

స్టీరింగ్_తాత: ఫ్యాక్టరీ వాడు ఇవ్వనిది నీ డ్రైవర్ ప్రాణంతో సర్దుకుంటావా? ఈసారి లోడు బండి నువ్వే దింపు.

పలమనేరు_రైతు: మాటలు మర్యాదగా రానీ.

చిత్తూరు_షెడ్డు: అన్నా, డ్రమ్ములు విప్పించారా లేదా?

పలమనేరు_రైతు: ఆదివారం విప్పిస్తా. లోడు సంగతి మాత్రం నాతో మాట్లాడొద్దు.