50ఎక్స్ బ్రిడ్జ్ కెమెరా పక్కన నికాన్ జెడ్8 పెట్టి చూశాను, ఇప్పుడేం చేయాలి?

పొదలకూరు రోడ్డు సార్:

నెల్లూరులో హైస్కూల్లో సైన్స్ చెప్తాను. 2013లో కొన్న బ్రిడ్జ్ కెమెరా (లెన్సు ఊడదీయడానికి రాని పెద్ద జూమ్ కెమెరా) ఉంది నా దగ్గర, 50ఎక్స్ జూమ్, అంటే 24 నుంచి 1200 ఎంఎం దాకా లాగుతుంది, 12 మెగాపిక్సెల్, బరువు ఆరు వందల గ్రాములు కూడా ఉండదు. స్కూటర్ డిక్కీలో పెట్టుకుని ఇన్నేళ్లుగా కనిగిరి రిజర్వాయర్ గట్టు, పెన్నలో ఇసుక దిబ్బలు, నేలపట్టు, పులికాట్ అన్నీ తిరిగాను. బాగా వచ్చినవి ఏ4 సైజులో ప్రింట్ వేయించి క్లాసు గోడకి అంటిస్తాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు నత్తగుల్ల కొంగకీ ఎర్రకాళ్ల కొంగకీ తేడా ఆ గోడ చూసే నేర్చుకున్నారు. అందుకే ఈ కెమెరా అంటే నాకు చాలా ఇష్టం, ముందే చెప్తున్నా.

సంక్రాంతికి మా బావమరిది వచ్చి తన నికాన్ జెడ్8, దానికి 180-600 లెన్సు తగిలించి వారం రోజులు నా చేతికిచ్చాడు. రెండూ తీసుకుని నేలపట్టు పోయాను (2022లో జిల్లాలు విడదీసినప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇంకా అది మన నేలపట్టే). తెల్లవారుజామున గూడబాతులు ముక్కున పుల్ల కరుచుకుని గూటి మీద దిగుతుంటాయి కదా, ఆ దిగే క్షణం కోసం పన్నెండేళ్లుగా చూస్తున్నా. నా కెమెరాతో బటన్ సగం నొక్కి ఫోకస్ దొరికే లోపల పక్షి ఫ్రేమ్ దాటిపోతుంది, దొరికినా ఒక ఫోటో తీశాక వ్యూఫైండర్ ఒక్క క్షణం ఆగిపోతుంది, మళ్లీ కనిపించేసరికి ఖాళీ ఆకాశమే. జెడ్8లో పక్షి కన్ను మీద చిన్న డబ్బా పడింది, పడింది పడినట్టే ఉండిపోయింది, పక్షి తిరిగినా కొమ్మలు అడ్డం వచ్చినా వదల్లేదు. సెకనుకి 20 ఫోటోలు. ఇంటికొచ్చి చూస్తే రెక్కలు వెనక్కి విరిచి కాళ్లు ముందుకి చాపిన ఫోటో, ముక్కులోని పుల్ల మీద మంచు చుక్కతో సహా వచ్చింది. నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

కానీ మర్నాడు సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద ఆగి ఫ్లెమింగోలు తీస్తుంటే అనుమానం వచ్చింది. అవి చాలా దూరంలో ఉన్నాయి. 600 దగ్గర చిన్న చిన్న గులాబీ చుక్కలే, నా పాతదాంట్లో 1200 దగ్గర స్క్రీన్ మీద పక్షి పెద్దగా, స్పష్టంగా కనిపించింది. మరి నాలుగు లక్షలు దాటే సామాను ఎందుకు ఓడిపోయినట్టు కనపడింది? ఇంట్లో పాప ఇంజనీరింగ్ ఫీజు ఉంది, అంత డబ్బు పెట్టడం కష్టమే, అయినా ఆ గూడబాతు ఫోటో మనసులోంచి పోవడం లేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కావలి కాలువ:

సార్, ఓడిపోలేదు. స్క్రీన్ మీద చూస్తే అలాగే అనిపిస్తుంది. కంప్యూటర్లో ఆ రెండు ఫోటోల్నీ పక్షి ఒకే సైజులో వచ్చేట్టు పెట్టి చూడండి.

లెక్క చెప్తాను. జెడ్8 సెన్సర్ 45.7 మెగాపిక్సెల్. 600తో తీసి 1200కి సమానంగా కత్తిరిస్తే నాలుగో వంతు మిగులుతుంది, అంటే పదకొండు మెగాపిక్సెల్ పైచిలుకు. మీ పాతది 12. అంటే చుక్కల సంఖ్య దాదాపు ఒకటే. తేడా అంతా వెలుతురులో ఉంది. చెరువు తూము వెడల్పు ఎంతో అంత నీళ్లు వస్తాయి కదా, లెన్సుకీ అంతే. మీ బ్రిడ్జ్ కెమెరా 1200కి సమానం అని చెప్పినా, సెన్సర్ చిన్నది కాబట్టి లోపల లెన్సు నిజమైన ఫోకల్ లెంగ్త్ 215 ఎంఎం దగ్గర ఉంటుంది, దాన్ని ఎఫ్ నంబర్ 6.5తో భాగిస్తే వెలుతురు వచ్చే దారి వ్యాసం 33 మిల్లీమీటర్లు. జెడ్8 లెన్సుకి 600ని 6.3తో భాగిస్తే 95 మిల్లీమీటర్లు. వైశాల్యం లెక్కేస్తే ఒకే పక్షి నుంచి ఎనిమిది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది. తెల్లవారుజామున నేలపట్టులో మీకు కనిపించిన తేడాలో సగం ఇదే, మిగతా సగం ఫోకస్.

ఇంకో మాట. ఇంతకంటే పెద్ద జూమ్ బ్రిడ్జ్ కెమెరా కొంటే చాలు కదా అని చాలామంది అడుగుతారు. 2015లో వచ్చిన నికాన్ పీ900 2000 దాకా పోతుంది, 2018లో వచ్చిన పీ1000 3000 దాకా. అంత దూరానికి జెడ్8, 600 కత్తిరింపు అందుకోదు. 2000కి సమానంగా కత్తిరిస్తే నాలుగు మెగాపిక్సెల్ మిగులుతుంది. చంద్రుడికి, గట్టు అవతల కదలకుండా కూర్చున్న గద్దకి, ఇది ఏ పక్షి అని గుర్తుపట్టడానికి ఆ బ్రిడ్జ్ కెమెరాలు నిజంగా మంచివి, నేను కూడా చాలా వాడాను. కానీ సెన్సర్ అంతే చిన్నది, ఎగిరే పక్షికి అవి కుదరవు, పైగా పీ900లో రా ఫైల్ (సెన్సర్ పట్టినదంతా కుదించకుండా దాచే ఫైల్) లేదు, జేపెగ్ ఒక్కటే.

పులికాట్ సంగతికొస్తే, మీరు ఎన్నింటికి తీశారు?

పొదలకూరు రోడ్డు సార్:

పదకొండు అయి ఉంటుంది. ఆ రోజు నేలపట్టులో ఆలస్యమైంది.

కావలి కాలువ:

అదే అనుకున్నా. తొమ్మిది దాటాక ఆ బురద నేల మీద వేడి గాలి అలలుగా లేస్తుంది, రెండు కిలోమీటర్ల అవతల పక్షి కాళ్లు నీళ్లలో వణుకుతున్నట్టు కనిపిస్తాయి. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఆ గాలిలోంచే కదా చూడాలి. సూర్యుడు లేచే ముందు పోయి, కారు కిటికీ మీద రెండు కేజీల బియ్యం సంచి పెట్టి దాని మీద కెమెరా ఆనించండి, అప్పుడు ఏది ఎంతో తేలుతుంది. గూళ్ల దగ్గర మాత్రం ఏ కెమెరా అయినా ఇంకా దగ్గరికి పోవాలనే ఆశ పెట్టుకోకండి, తల్లి లేస్తే గుడ్ల మీద కాకులు వాలతాయి.

ఒంగోలు గిత్త:

మాస్టారూ, నేను మీకంటే ముందు ఈ దారిలో పోయినోణ్ణి, కాబట్టి వినండి. మా వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు తీస్తాను. రాత్రి లైట్ల కింద గిత్తలు బండ లాగుతుంటే దుమ్ము లేస్తుంది, తోలేవాడి చేతిలో కర్ర, ఎద్దు మెడ మీద నరాలు, అవి కావాలంటే షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు కన్నా తగ్గకూడదు. బ్రిడ్జ్ కెమెరాలో ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచుకునే సెట్టింగు) 3200 పెట్టక తప్పేది కాదు, ఫోటో మీద ఇసుక చల్లినట్టు వచ్చేది. అందుకని పాతది అమ్మేసి పెద్ద సెన్సర్ ఉండి లెన్సు మార్చుకునే ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, 70-200 ఎఫ్ 2.8 లెన్సు కొన్నాను. పోటీల ఫోటోలకి ఒక్క మాట అనడానికి లేదు, ఊళ్లో వాళ్లు పెద్ద బ్యానర్లు వేసుకుంటున్నారు.

పాతది అమ్మినందుకు మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది. కొత్తది బయటికి తీయాలంటే ముందు బ్యాగు, తర్వాత వాన వస్తుందా అని టెన్షన్, కొత్తపట్నం సముద్రం ఒడ్డుకి తీసుకుపోవాలంటే ఉప్పు గాలి భయం. పొలం పోతుంటే పాలపిట్ట కరెంటు తీగ మీద కనిపిస్తుంది, చేతిలో ఏమీ ఉండదు. జెడ్8 910 గ్రాములు, ఆ 180-600 రెండు కేజీల దగ్గర, రెండూ కలిపి మూడు కేజీలు మెడకి తగిలించుకుని స్కూటర్ మీద రోజూ పోలేరు సార్. అది కొన్నా కొనకపోయినా పాతది అమ్మొద్దు. అమ్మినా దానికి వచ్చేది ఎంతని.

ఉదయగిరి కొండ:

అన్న చెప్పింది నిజం, అయితే మీరిద్దరూ నాలుగు లక్షలదీ పాతదీ రెండే ఉన్నట్టు మాట్లాడుతున్నారు, మధ్యలో ఉన్నవి కూడా చూడాలి కదా.

సార్‌కి కావాల్సింది ఏంది? ఎగిరే గూడబాతు, ఏ4 ప్రింటు. ఏ4కి ఎనిమిది మెగాపిక్సెల్ ఉన్నా చాలు. నేను కేనాన్ ఆర్7, 100-400 ఎఫ్ 5.6-8 వాడతాను. 2022లో వచ్చిన బాడీ, పక్షి కన్ను పట్టే ఫోకస్ ఇందులో కూడా ఉంది. సెన్సర్ ఏపీఎస్-సీ, అంటే ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది, కాబట్టి 400 అనేది 640కి సమానం, 32.5 మెగాపిక్సెల్, బాడీ, లెన్సు కలిపి కేజీంపావు. కావలి కాలువ గారి తూము లెక్కే వేసుకుంటే 400ని 8తో భాగిస్తే 50 మిల్లీమీటర్లు, జెడ్8 జత అంత రాదు, మీ పాతదానికి మాత్రం రెండు రెట్లు పైనే. ధర జెడ్8 జత ధర కంటే చాలా తక్కువ. మబ్బు పట్టిన ఉదయం ఎఫ్ 8తో కాస్త ఇబ్బంది పడాలి, అది దాచను. కొండ మీద కోటలోకి మెట్లెక్కి పోయేదాన్ని, నాకు బరువు ముఖ్యం.

మార్చుకునే లెన్సులతో తలనొప్పి వద్దనుకుంటే సోనీ ఆర్ఎక్స్10 ఫోర్ సెకండ్ హ్యాండ్ దొరుకుతుందేమో చూడండి. అది కూడా బ్రిడ్జ్ కెమెరానే, 2017 నాటిది, 24-600 ఎఫ్ 2.4-4, ఒక అంగుళం సెన్సర్, మీదాని కంటే నాలుగింతలు పెద్దది, ఫోకస్ చాలా వేగం. దానికి కూడా తూము 55 మిల్లీమీటర్లు ఉంటుంది. కొనేముందు లెన్సులోకి టార్చి వేసి ఫంగస్ ఉందేమో తప్పక చూడండి. మన కోస్తా గాలిలో తోలు కేసులో పెట్టి బీరువాలో దాచిన లెన్సులకి గ్యారంటీగా పడుతుంది. నా మొదటి లెన్సు అలాగే పోయింది, అప్పటినుంచి మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెడుతున్నా.

ఏదైనా సరే కొనకముందు రెండు రోజులు అద్దెకి తెచ్చి చూడండి. చెన్నైలో ఇచ్చేవాళ్లున్నారు, ఆధార్, డిపాజిట్ అడుగుతారు.

పొదలకూరు రోడ్డు సార్:

అందరికీ చాలా థాంక్స్. కావలి కాలువ గారు చెప్పినట్టు నిన్న రాత్రి కూర్చుని పక్షి ఒకే సైజులో పెట్టి చూశాను. పదకొండు గంటల ఫ్లెమింగోలు రెండింట్లోనూ పనికిరావు, నిజమే, కాళ్లు పాముల్లా మెలికలు తిరిగాయి. కానీ పొద్దున ఏడింటికి నేలపట్టులో రెండు కెమెరాలతో తీసిన ఎర్రకాళ్ల కొంగ ఒకటుంది, కడప చెట్టు మీద కదలకుండా నిలబడింది. పాతదాంట్లో రెక్క మీది గులాబీ ఈకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి రంగు పూసినట్టున్నాయి, జెడ్8లో కత్తిరించాక కూడా ఈక ఈకకి గీత కనిపిస్తోంది. ఇన్నాళ్లూ పిల్లలకి చూపించిన గోడ మీద ఆ గీతలు లేవు కదా అనిపించింది.

జెడ్8 ఇప్పట్లో కొనను, పాప చదువు అయ్యేదాకా ఆ మాట లేదు. పాతది అమ్మను. ఆర్7, 100-400 వచ్చే శనివారం చెన్నై నుంచి రెండు రోజులకి తెప్పిస్తున్నా, మా పాత స్టూడెంట్ ఒకడు అక్కడే పని చేస్తున్నాడు, వాడు తెస్తానన్నాడు. గూడబాతు దిగే ఫోటో దాంట్లో పది సార్లలో ఆరు సార్లు వచ్చినా చాలు, కొనేస్తా. ఉదయగిరి కొండ గారూ, ఎఫ్ 8తో మబ్బు రోజున మీరు ఐఎస్ఓ ఎంతదాకా పెడతారు, షట్టర్ ఎంత?

ఉదయగిరి కొండ:

ఎగిరేవాటికి 1/1600, ఐఎస్ఓ 6400 దాకా భయపడకుండా పెడతాను సార్. తప్పకుండా రా ఫైల్లో తీయండి, గింజలు తర్వాత కంప్యూటర్లో తగ్గించుకోవచ్చు. కూర్చున్నవాటికి 1/250 చాలు.

కావలి కాలువ:

ఆదివారం నేనూ వస్తాను సార్. నా దగ్గర పీ900 ఉంది, అదీ పట్టుకొస్తా, మూడూ ఒకే పక్షి మీద పెట్టి చూద్దాం.

పొదలకూరు రోడ్డు సార్:

రండి. నాయుడుపేట దాటాక హైవే పక్కన టీ కొట్టు దగ్గర ఐదుంపావుకి ఉంటాను. బియ్యం సంచులు రెండు నేనే తెస్తాను.